పెద్దనాన్న పుల్లీ, అన్నయ్య డీజిలు

మాది రాయచూరు జిల్లా సింధనూరు తాలూకాలో ఒక కాంపు. 1953లో తుంగభద్ర నీళ్ళు కాలవలకెక్కాక కోస్తా జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నవాళ్ళలో మా తాతయ్య ఒకరు. ఆయన కొన్న పొలం కాలవ చివర. వేసవి పంటకి పైవాళ్ళు వాడుకోగా మిగిలిన నీళ్ళే మాకు దిక్కు. అందుకని పక్క వాగులోంచి డీజిలు ఇంజనుతో తోడుకుంటాం. వాగుని మా ఇంట్లో అందరూ కన్నడంలోలాగా హళ్ళ అనే అంటారు.

కొన్నేళ్ళ కిందట మార్చి నెలలో, వరి పొట్ట మీద ఉండగా హళ్ళ బాగా దిగిపోయింది. పైపులో ధార సన్నబడింది. ఆ సమయంలో వరికి నీళ్ళు తప్పితే గింజ తాలు పోతుంది. "ఇంజనుకి పెద్ద పుల్లీ వేద్దాం, పంపు ఇంకా జోరుగా తిరుగుతుంది" అని పెద్దనాన్న. "ఉన్నదంతా డీజిలుకే పోతోంది, ఇంజను తగ్గించి పెట్టి రాత్రంతా నడుపుదాం" అని ఆయన కొడుకు, మా అన్నయ్య. మూడు రోజులు ఇద్దరికీ మాటల్లేవు. చివరికి పెద్దమ్మ నాకు బెంగళూరుకి ఫోన్ చేసి, "చదువుకున్నదానివి, ఏది ఖరేనో నువ్వే చెప్పమ్మా" అంది.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. మా పనిలో ఒక అలవాటుంది: ఒకసారికి ఒక్కటే మార్చి, దాంతోపాటు ఇంకేం మారాయో చూడాలి. అన్నయ్యని కొలతలు పంపమన్నాను. ఇంజను నిమిషానికి 1,500 చుట్లు. రెండు పుల్లీలూ 6 అంగుళాలే కాబట్టి పంపూ అంతే తిరుగుతుంది. ఇంజను 5 హార్స్‌పవర్, అందులో పంపు తీసుకునేది మెకానిక్ అంచనాలో 4. హళ్ళ నీటి మట్టం నుంచి పైపు మూతి దాకా ఎత్తు 7 మీటర్లు. ఆ వేగంలో పంపు ఎత్తగలిగే గరిష్ఠ ఎత్తు 10 మీటర్లని పంపు కాగితాల్లో ఉంది. ఆ 10 మీటర్ల దగ్గర నీళ్ళు నిలబడతాయే గానీ పారవు.

సెంట్రిఫ్యూగల్ పంపు లోపల రెక్కల చక్రం ఉంటుంది, అదే ఇంపెల్లర్. నీళ్ళని మధ్యలో తీసుకుని అంచు నుంచి బయటికి విసురుతుంది. చక్రం ఎంత జోరుగా తిరిగితే అన్ని నీళ్ళు; అవి వేగంతో సమానంగా పెరుగుతాయి. ఎత్తు అలా కాదు. రాయిని రెట్టింపు వేగంతో పైకి విసిరితే నాలుగు రెట్ల ఎత్తుకి పోతుంది. నీళ్ళకీ అదే లెక్క, ఎత్తు వేగం వర్గాన్ని బట్టి మారుతుంది. ఇంజను మీద పడే భారం నీళ్ళూ ఎత్తూ కలిస్తే వచ్చేది కనక, అది వేగం ఘనాన్ని బట్టి మారుతుంది.

నేను చదివింది కన్నడ మీడియం. అయినా ఇది పెద్దనాన్నకి చెప్పడానికి మాటలు వెతుక్కునే పని లేకపోయింది. వేగ, వర్గ, ఘన, వ్యాస అని బడిలో నేర్చుకున్నవాటికి చివర సున్నా పెడితే తెలుగే. వ్యాసం అంటే తెలుగులో ఇలా రాసేది కూడా అని మాత్రం పెద్దయ్యాకే తెలిసింది.

పెద్దనాన్న చెప్పినట్టు ఇంజనుకి 7.5 అంగుళాల పుల్లీ వేస్తే పంపు 1,875 చుట్లు తిరగాలి. వేగం నాలుగో వంతు పెరిగితే భారం దాదాపు రెట్టింపు. 4 హార్స్‌పవర్ తీసుకునే పంపు 7.8 అడుగుతుంది. మన ఇంజను 5 మాత్రమే. పొగ కక్కుతుంది, వేడెక్కుతుంది, పంట మధ్యలో కూర్చుంటుంది.

అన్నయ్య చెప్పినట్టు 1,200కి తగ్గిస్తే భారం సగమవుతుంది, డీజిలు నిజంగానే తగ్గుతుంది. కానీ ఎత్తు 10 మీటర్ల నుంచి 6.4కి పడిపోతుంది. పైపు మూతి ఉన్నది 7 మీటర్ల మీద. అంటే రాత్రంతా పంపు తిరుగుతుంది, ఒక్క చుక్క బయటికి రాదు. వేగం అయిదో వంతు తగ్గింది కదా, నీళ్ళు కూడా అయిదో వంతే తగ్గుతాయనుకుంటాం. ఎక్కించాల్సిన ఎత్తు ఉన్నచోట అలా జరగదు.

ఇది విన్నాక ఇద్దరూ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత పెద్దనాన్నే అన్నారు, "అయితే ఆ ఏడు మీటర్లు తగ్గించే దారి చూడండ్రా" అని. గట్టు మీద రాళ్ళు పేర్చి పైపు మూతిని బోదె కంటే మీటరు పైన పెట్టి ఉంది. నీళ్ళు అంతెత్తుకెక్కి మళ్ళీ కింద పడుతున్నాయి. రాళ్ళు తీసి మూతి దించారు. ఫుట్‌వాల్వుకి పట్టిన నాచు కడిగారు. పుల్లీ మార్చకుండానే ధార కంటికి తెలిసేంత లావైంది. చివరి అరెకరం తాలు పోయింది, మిగతాది దక్కింది.

తర్వాత కరెంటు మోటారు వచ్చింది. దానికి పుల్లీ లేదు. మన 50 హెర్ట్జ్ కరెంటుతో రెండు పోళ్ళ మోటారు సుమారు 2,880 చుట్లు తిరుగుతుంది, మనం అడిగినా మార్చదు. తెచ్చిన పంపేమో మా ఎత్తుకి మరీ పెద్దది. తక్కువ ఎత్తు మీద అవసరానికి మించి నీళ్ళు తోసి, ఎక్కువ కరెంటు లాగి మోటారు కాలిపోయేలా వేడెక్కేది. సింధనూరులో మెకానిక్ 160 మిల్లీమీటర్ల ఇంపెల్లర్ని లేతు మీద 144కి తరిగాడు. వ్యాసం తగ్గితే అంచు వేగం తగ్గుతుంది, కాబట్టి దాదాపు అదే లెక్క: పదో వంతు తరిగితే ఎత్తు నూటికి 81, భారం 73 దగ్గరికి వస్తాయి. తరిగేకొద్దీ పంపు పనితనం కొంత పడిపోతుంది, లెక్కా గురి తప్పుతుంది. కోసిన చక్రం మళ్ళీ పెరగదు. అందుకే కొంచెం తరిగి, బిగించి, నడిపి చూసి మళ్ళీ తరగాలి. వేగాన్ని తగ్గించే వీఎఫ్‌డీ పెట్టుకుంటే వెనక్కి తిప్పుకోవచ్చు గానీ, ఎత్తు దగ్గర అదీ అన్నయ్య ఇంజనులాగే చిక్కుకుంటుంది.

కాలవ చివర పొలాలున్న మన ఇళ్ళల్లో ఈ తగువు ఏటా ఉండేదే. పంపు కొనేముందు, పుల్లీ మార్చేముందు, ఇంపెల్లర్ తరిగేముందు నీటి మట్టం నుంచి పైపు మూతి దాకా ఒక తాడు వేసి కొలవండి. హళ్ళ ఎండాకాలం ఎంత దిగుతుందో అదీ కలుపుకోండి. ఆ ఒక్క అంకె తెలిస్తే తండ్రీ కొడుకులు మాట్లాడుకోవచ్చు.