నాగావళి నుంచి గంటస్తంభం దాకా

తెల్లవారుజామున నాలుగున్నర. శ్రీకాకుళంలో నాగావళి వంతెన మీద మాఘమాసపు చలిగాలి. ముందు మా మేనల్లుడి సైకిలు, వెనక నా స్కూటరు. డిక్కీలో రెండు ట్యూబులు, పంపు, నాలుగు సీసాల నీళ్లు, ఉప్పేసిన నిమ్మరసం. అతని చొక్కా వెనక జేబులో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి ఉంది. రాత్రి ఎనిమిదిలోపు దానికి జవాబు పంపాలి.

అదొక రోడ్డు రేసు దరఖాస్తు. 110 కిలోమీటర్లు. అందులో వయసు విభాగాలు లేవు, కొత్తవాళ్లకి వేరే వరస లేదు. రైల్వేలో, సైన్యంలో క్రీడాకారుల కోటాలో ఉద్యోగం దొరికి, రోజంతా సైకిలు తొక్కడమే పనిగా ఉన్న కుర్రాళ్లూ, బడిలో లెక్కలు చెప్పుకొనే ఇతనూ ఒకే గీత మీద నిలబడాలి. వెళ్లాలా వద్దా అన్నది నెల రోజులుగా ఇంట్లో తేలలేదు. తొక్కుతూ తేల్చుకుందామని అతనే అన్నాడు. ఆమదాలవలస, పొందూరు, చిలకపాలెం, అక్కణ్ణించి జాతీయ రహదారి మీద విజయనగరం. దాదాపు 90 కిలోమీటర్లు.

అతనికి ముప్పై మూడేళ్లు. ఎనిమిదేళ్లుగా బడికి ముందు రోజూ నలభై కిలోమీటర్లు తొక్కుతున్నాడు. ఒంటరిగా, చదునైన రోడ్డు మీద, గంటకి 31 కిలోమీటర్ల వేగం గంటసేపు నిలబెట్టగలడు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆరితేరినవాళ్ల గుంపు 42, 43లో పోతుంది. ఆ పది పన్నెండు కిలోమీటర్ల తేడా చూడ్డానికి చిన్నదే. గాలిని చీల్చుకుపోవడానికి కావలసిన శక్తి మాత్రం వేగంతో సమానంగా పెరగదు, వేగం ఘనంతో పెరుగుతుంది. 30 నుంచి 40కి వెళ్లాలంటే గాలి కోసమే రెట్టింపుకి మించి బలం పెట్టాలి. లెక్కల మేస్టారు కాబట్టి ఇది అతనికి నేను చెప్పేదేమీ లేదు. ముందువాడి చక్రం వెనక అంటిపెట్టుకుంటే ఆ భారం మూడోవంతు తగ్గుతుందనీ తెలుసు. అతని ఆశంతా ఆ మూడోవంతు మీదే.

ఆమదాలవలస చేరేసరికి తూరుపు తెల్లబడింది. స్టేషను బోర్డు మీద ఊరి పేరుండదు, ‘శ్రీకాకుళం రోడ్’ అని ఉంటుంది. ఈ పక్కనే ఊసవానిపేట. కరణం మల్లీశ్వరి పుట్టిన ఊరు. నీలంశెట్టి అప్పన్న దగ్గర పన్నెండేళ్ల వయసులో బరువులెత్తడం మొదలుపెట్టిన పిల్ల 1994లోనూ 1995లోనూ ప్రపంచ విజేత అయింది. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 240 కిలోలెత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. ఆ రోజు ఆఖరి ప్రయత్నంలో ఆమె 137.5 కిలోలు పెట్టించుకుంది. అది లేచి ఉంటే స్వర్ణమే. లేవలేదు. కంచు దక్కింది.

మేనల్లుడు సైకిలు ఆపి, ఊరి వైపు చూస్తూ నీళ్లు తాగాడు. “ఆవిడ మనూరి పిల్లే గానీ, మావయ్యా, మొదలెట్టింది పన్నెండేళ్లకి. నాకు సైకిలు మీద పిచ్చి పట్టింది పాతికేళ్లకి” అన్నాడు. నిజమే. మల్లీశ్వరి పేరు చెప్పి ఎవర్నైనా ఎక్కడికైనా పంపెయ్యొచ్చనుకోవడం ఆమె పడిన కష్టాన్ని చులకన చెయ్యడమే. ఆ పన్నెండేళ్ల పిల్ల సిడ్నీ చేరడానికి పదమూడేళ్లు పట్టింది.

పొందూరు దారి ఇరుకు, కానీ తొక్కడానికి హాయి. రెండు వైపులా తాటిచెట్లు, కోత అయిపోయిన వరిమళ్లు, అక్కడక్కడా మినుము. పొందూరులో ఇప్పటికీ వాలుగ చేప దవడతో పత్తి ఏకుతారు. ఒక ఇంటి అరుగు మీద ఒకామె ఆ పళ్ల వరసతో దూదిని దువ్వుతుంటే కాసేపు చూశాం. చేతిలో తొందర లేదు, తడబాటూ లేదు. వృత్తి అనే మాటకి మనవాళ్లు రెండర్థాలు కలిపే వాడతారు: బతుకుతెరువు, అందులో ఆరితేరడం. ఔత్సాహికుడు అన్న మాటలో మొదటిది లేదు. రెండోది ఉండకూడదని ఎవరూ అనలేదు. మన పరిషత్తు నాటకాల్లో పగలు ఆఫీసుల్లో గుమాస్తాగిరీ చేసి, రాత్రి రంగస్థలం ఎక్కిన ఔత్సాహికులు ఎంతమంది లేరు!

చిలకపాలెం దగ్గర రహదారి ఎక్కాక కథ మారింది. సముద్రం వైపునుంచి అడ్డగాలి. లారీ దాటిపోయిన ప్రతిసారీ సైకిలు రెండు జానలు పక్కకి ఊగుతోంది. రణస్థలం దగ్గర టీ కొట్టు ముందు దిగాం. కొట్టు ముసలాయన సైకిలు చుట్టూ తిరిగి, చక్రం పైకెత్తి చూసి, “ఏటి బాబూ, ఇంత తేలిగ్గుందీ. దీన్తో పందేనికెల్తావేటి? ఆళ్లు నిన్ను దాటెల్లిపోతే ఏటి సేత్తావు?” అన్నాడు. మేనల్లుడు నవ్వలేదు. “అదే ఆలోచిస్తన్నాను, తాతా” అన్నాడు.

ఆ బెంచీ మీదే ఆన్నా కీసెన్‌హోఫర్ సంగతి మళ్లీ వచ్చింది. అతని గదిలో గోడమీద ఉన్న ఒకే ఒక్క బొమ్మ ఆమెది. ఆస్ట్రియా గణితశాస్త్రవేత్త, బార్సిలోనాలో డాక్టరేటు చేసింది. 2017లో కొన్నాళ్లు ఒక వృత్తి జట్టులో ఉండి బయటికొచ్చేసింది. 2021 జులై 25న టోక్యో ఒలింపిక్స్ రోడ్డు రేసుకి వచ్చేనాటికి ఆమెకి ఏ జట్టుతోనూ ఒప్పందం లేదు. ఆస్ట్రియా తరఫున ఆమె ఒక్కతే. 137 కిలోమీటర్ల పోటీలో జెండా ఊపీ ఊపగానే మరి నలుగురితో కలిసి ముందుకి దూకింది. నలభై కిలోమీటర్లు మిగిలి ఉండగా ఆ నలుగురిలో అప్పటిదాకా తనతో నిలిచినవాళ్లనీ వదిలేసింది. వెనక గుంపులో మహామహులున్నారు. ఒలింపిక్స్‌లో చెవి రేడియోలు పెట్టుకోనివ్వరు కనక, ముందొకరున్నారన్న సంగతే వాళ్లలో కొందరికి తెలియలేదు. డచ్చి దేశపు వాన్ ఫ్లూటెన్ 75 సెకన్ల తర్వాత గీత దాటి, తానే గెలిచాననుకుని చేతులెత్తింది.

ఈ కథని ఎవరికి కావలసినట్టు వాళ్లు చెప్పుకుంటారు. ‘లెక్కల మనిషి ప్రపంచాన్ని ఓడించింది’ అంటే మా మేనల్లుడి ఛాతీ ఉప్పొంగుతుంది. నాకు అందులో వేరే వివరం ముఖ్యం. ఆమెకి జీతం లేదు గానీ, తీరు ఉంది. ఎంత తినాలి, ఎండకి ఎలా అలవాటు పడాలి, ఏ ఎత్తులో ఎంత బలం పెట్టాలి అన్నవన్నీ తనే లెక్కగట్టుకుంది. పైగా తన దేశపు అర్హత పద్ధతిలోనే వచ్చింది, ఎవరి చోటూ లాక్కోలేదు. ఔత్సాహికురాలన్న మాట ఆమె జేబుకి వర్తిస్తుంది, కాళ్లకి కాదు.

పైడిభీమవరం దాటాక గాలి ఇంకా పెరిగింది. ముందు ఒక ట్రాక్టరు నెమ్మదిగా పోతోంది. మేనల్లుడు దాని వెనక చేరి గాలి తప్పించుకున్నాడు. నిమిషం తిరక్కుండా బయటికొచ్చేశాడు. ఎందుకో నాకు తెలుసు. రెండేళ్ల కిందట పదిమంది కలిసి తొక్కుతుంటే, అతని ముందు చక్రం మరొకరి వెనక చక్రానికి తగిలింది. ఇతను లేచాడు. వెనక వచ్చిన కుర్రాడు పడి కాలర్‌బోన్ విరగ్గొట్టుకున్నాడు, మూడు నెలలు పనికి పోలేదు. ఆ మూడు నెలలూ ప్రతి ఆదివారం పళ్లు పట్టుకుని వాళ్లింటికి వెళ్లొచ్చాడు మేనల్లుడు.

ఇంట్లో వాదనలన్నీ ఓటమి చుట్టూ తిరిగాయి. ‘ఆఖరున వస్తే పరువేం గాను’ అని మా అక్క. నాకది లెక్కలోకి రాదు. ఫ్రాన్స్ చుట్టూ జరిగే టూర్ పోటీలో 1920, 30 దశకాల్లో జట్టు లేని సైకిలిస్టులు ఉండేవారు. తిండీ పడకా వాళ్లే చూసుకుని, రాత్రి పడ్డాక ఊరు చేరి, మర్నాడు మేటి సైకిలిస్టులతో పాటే మళ్లీ బయల్దేరేవారు. వెనకబడడం ఎవరికీ నష్టం కాదు. గుంపు నడుమ జానెడు దూరంలో, 45 కిలోమీటర్ల వేగంలో, నిలకడ లేని చేయి ఒకటి ఉండడమే నష్టం. అప్పుడు రాలేది ఇతని పరువు కాదు, ఏడాదంతా చెమటోడ్చిన మరొకడి ఎముక.

నాతవలస కూడలిలో కుడికి తిరిగితే గాలి వెనకనుంచి తోసింది. డెంకాడ మీదుగా, మామిడితోటలు పూతమీదుండగా, పదకొండున్నరకి విజయనగరం. గంటస్తంభం దగ్గర రద్దీ. కోట గోడ పక్కన చెరుకురసం తాగి, విజ్జీ స్టేడియం వైపు వెళ్లాం. ఆ పేరు కోసమే ఈ దారి ఎంచుకున్నాను.

విజ్జీ అంటే పూసపాటి విజయానంద గజపతిరాజు, విజయనగరం మహారాజకుమార్. క్రికెట్ మీద ఆయన ప్రేమ అబద్ధం కాదు. 1930-31లో జాక్ హాబ్స్‌నీ హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌నీ రప్పించి తన జట్టులో ఆడించాడు. వాళ్లు ఆటే జీవనంగా బతికేవాళ్లు, ఈయన సరదాకి ఆడే రాకుమారుడు. ఆ రోజుల్లో సరదా ఆటగాడిదే పైచెయ్యి. ఇంగ్లండులో జీతం లేని ‘జెంటిల్మెన్’నీ జీతగాళ్ల ‘ప్లేయర్ల’నీ వేరు చేసే పద్ధతి 1962 దాకా సాగింది. 1936లో విజ్జీ భారత జట్టు నాయకుడై ఇంగ్లండు వెళ్లాడు. మూడు టెస్టుల్లో 33 పరుగులు, సగటు 8.25. మచిలీపట్నం మూలాలున్న సి.కె. నాయుడు వంటి దిగ్గజం ఆ జట్టులో సభ్యుడు మాత్రమే. లాలా అమర్‌నాథ్‌ని తొలి టెస్టుకి ముందే ఇంటికి పంపేశారు. రెండు టెస్టులు ఓడి, ఒకటి డ్రా చేసుకుని వచ్చారు.

దానికి నాలుగేళ్ల ముందు, 1932లో, నాయకుడిగా వెళ్లినవాడు పోర్‌బందర్ మహారాజు. ఆయన ఆటా అంతంతమాత్రమే. కానీ జూన్ 25న లార్డ్స్‌లో భారత్ మొట్టమొదటి టెస్టు మొదలయ్యే వేళకి ఆయన పక్కకి తప్పుకుని, పగ్గాలు సి.కె. నాయుడికి ఇచ్చాడు.

స్టేడియం మెట్ల మీద ఇదంతా విని మేనల్లుడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోను తీసి నిర్వాహకులకి చేశాడు. గెలుపు సంగతో, బహుమతుల సంగతో అడగలేదు. “నేను దిగితే, అర్హత ఉన్న ఎవరికైనా చోటు పోతుందా అండి?” అన్నాడు. పోదట, సంఖ్య నిండలేదట. “వెనకబడినోణ్ణి మధ్యలో ఆపేస్తారా?” ఆపేస్తారట, ముందు గుంపుకి పదిహేను నిమిషాలు దూరమైతే వ్యాను ఎక్కాల్సిందేనట. ఆ జవాబుకి అతని మొహంలో నేను చూసింది నిరాశ కాదు.

“ఎల్తాను మావయ్యా” అన్నాడు కాగితం విప్పి. “కానీ ఆ రోజు గుంపు మధ్యలోకి దూరను. ఆఖరునే ఉంటాను, తెగిపోయిందాకా. ఇంకా డెబ్బై రోజులుంది. ఈలోగా నలుగురు పక్కన తొక్కడం నేర్చుకోవాలి.”

వెళ్లమనే నా మాట కూడా. ఆ డెబ్బై రోజులూ ఉన్నాయి కాబట్టే.

సాయంత్రం బంధువుల ఇంట సంతకం పెట్టి పంపాడు. మర్నాడు ఐదింటికి స్టేడియం బయట ముగ్గురు కుర్రాళ్లు సైకిళ్లతో వచ్చారు, అతను రాత్రి ఎవరెవరికో ఫోన్లు చేసి పోగుచేసిన వాళ్లు. నలుగురూ వరసగా, ముందువాడి చక్రానికి మూరెడు దూరంలో బయల్దేరారు. రెండు చుట్లయ్యాక మూర జానెడైంది. చేతిలో వాచీ ఉంది గానీ నేను టైము చూడలేదు, అతని ముందు చక్రాన్నే చూస్తున్నాను.