కుట్టని జెల్లీ చేపల కొలనులో ఈత!

సెలవుల్లో ఊటీ చూసొచ్చాం, కొడైకెనాల్‌లో పడవెక్కాం అని చెప్పేవాళ్లు మనలో బోలెడుమంది. జెల్లీ చేపల గుంపులో ఈత కొట్టొచ్చాం అని చెప్పేవాళ్లెందరు? ఆ ముచ్చట తీరాలంటే పసిఫిక్ మహాసముద్రంలో, ఫిలిప్పీన్స్‌కు తూర్పున ఉన్న పలావు అనే బుల్లి దేశానికి వెళ్లాలి. ఈమధ్య సెలవులకు నేను వెళ్లింది అక్కడికే.

కొరోర్ పట్నంలో మరపడవ ఎక్కగానే సున్నపురాయి దీవులు మొదలవుతాయి. అడుగున అలలు కోసేయడం వల్ల ఒక్కో దీవీ పచ్చటి పుట్టగొడుగులా నీళ్లలో నిలబడి ఉంటుంది. ఏ ఆర్ట్ డైరెక్టరూ వేయలేని సెట్టింగు! 2012లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాటిలో ఐల్ మాల్క్ అనే దీవి దగ్గర పడవ దిగి, నిటారు గుట్ట ఎక్కి అవతలికి దిగితే, చుట్టూ చెట్ల మధ్య ఆకుపచ్చటి కొలను.

సూర్యుడే డైరెక్టర్!

సుమారు 12 వేల ఏళ్ల కిందట సముద్రమట్టం పెరిగినప్పుడు రాతి పగుళ్ల గుండా ఉప్పునీరు చేరి ఈ పల్లం నిండిందట. అప్పుడు లోపల చిక్కుకున్న జెల్లీ చేపల సంతతే ఇప్పుడున్నది. కుట్టే కణాలు వాటికి లేకపోలేదు గానీ, మన ఒంటికి తెలిసేంత పదును లేదు.

కళ్లకు అద్దాలు, నోట్లో గొట్టం పెట్టుకుని నీళ్లలోకి జారాను. ముందు ఒకటి... తర్వాత పది... చూస్తుండగానే నలువైపులా బంగారు రంగు బుడగలే! మోచేతికొకటి తగిలింది. చెప్పొద్దూ, గుండె ఝల్లుమంది. తీరా చూస్తే ఉడికిన సగ్గుబియ్యం తగిలినట్టు మెత్తగా ఉంది, అంతే!

వీటి ఒంట్లోనే సన్నటి నాచు కాపురముంటుంది. ఎండ తగిలితే ఆ నాచు వండిపెడుతుంది, ఇవి తింటాయి. అందుకే పొద్దున తూర్పుకీ, మధ్యాహ్నం దాటాక పడమటికీ గుంపుగా కదులుతాయి. సూర్యుడిచ్చిన కాల్షీటు తప్పవు. ఒడ్డు నీడ దాకా వచ్చి ఆగిపోతాయి. అక్కడ విలన్లలా ఎనిమోన్లు కాచుకుని ఉంటాయి మరి, అందితే మింగేస్తాయి.

కాలు విదిలిస్తే చిరుగుతుంది

ఇక్కడ భయపడాల్సింది మనం కాదు, అవే. కాలు గట్టిగా విదిలిస్తే వాటి ఒళ్లు చిరిగిపోతుంది. గాలి సిలిండరుతో లోతుకు దిగడం నిషేధం. 15 మీటర్ల కింద హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంది, అది చర్మం గుండా ఒంట్లోకెక్కే విషం. పైన తేలుతూ ఈదాల్సిందే.

2016లో ఎల్ నినో వల్ల వానలు కరువై కొలను నీళ్లు బాగా ఉప్పెక్కాయి. లక్షల్లో ఉన్న బంగారు జెల్లీలు దాదాపు కనిపించకుండా పోయాయి. హీరోయిన్ లేని సినిమాకెవరొస్తారు? పర్యాటకుల పడవలు ఆగిపోయాయి. అదృష్టం ఏమిటంటే, వాటి పిల్లదశ అడుగున రాళ్లనంటుకుని బతికే ఉంది. మళ్లీ వానలు పడ్డాక అందులోంచే కొత్తవి పుట్టి, 2018 చివరికల్లా కొలను తేరుకుంది. ఇంకోసారి అంత కరువొస్తే? ఆ మాట తలుచుకుంటేనే దిగులేస్తుంది.

వెళ్లే ఉద్దేశం ఉన్నవాళ్లకు ఒక మాట. పగడపు దీవులకు హాని చేసే సన్‌స్క్రీన్ క్రీములు పలావులో 2020 జనవరి 1 నుంచి నిషేధం. పెట్టెలో క్రీము బదులు పొడుగు చేతుల ఈత దుస్తులు పెట్టుకోండి. నీళ్లలో దిగాక మాత్రం నెమ్మదిగా, నిద్రపోతున్న పసిపాప పక్కన నడిచినంత నెమ్మదిగా, ఈదండి.