మా నాన్నగారి ఇంజను



పాస్టరు బల్ల మీద బైబిలు, ప్రసంగపు నోట్సు ఉండవలెను గాని ఆకురాయి, కట్టరు, ఫెవిక్విక్ ఎందుకుండవలెను? మా సంఘములోని ఒక పెద్దమ్మ మొన్న శనివారము రాత్రి వచ్చి, "అయ్యగారూ, ఆటబొమ్మలు చేస్తున్నరా?" అన్నది. నేను సిగ్గుపడి బల్ల మీద తువాలు కప్పేశాను. ఆమెకు అప్పుడు చెప్పలేకపోయినది ఇక్కడ వ్రాస్తున్నాను.

మా నాన్నగారు కాజీపేట డీజిల్ షెడ్డులో ఫిట్టరు. ఆయన చేతుల మీదుగా ఎక్కువగా వెళ్ళినవి డబ్ల్యు.డి.ఎం.-2 ఇంజన్లు. అమెరికాలోని ఆల్కో కంపెనీ రూపకల్పన అది. మొదటివి 1962లో అక్కడినుండే వచ్చాయి, 1964 నుండి వారణాసిలో తయారైనాయి. 16 సిలిండర్లు, 2,600 అశ్వశక్తి. కరెంటు తీగలు వచ్చాక అవి చాలావరకు పక్కకు తప్పుకున్నాయి. నాన్నగారు అంతకు ముందే రిటైరైనారు.

2001లో నేను రైల్వే అప్రెంటిస్ పరీక్ష మానుకొని బైబిలు కళాశాలకు వెళ్ళాను. "చేతికి నూనె అంటనోడు చెప్పేది ఎవలు ఇంటరురా?" అని నాన్నగారు ఒక్క మాటే అన్నారు. ఆ తరువాత ఇన్నేళ్ళు మా మధ్య భోజనము, మందులు, కరెంటు బిల్లు తప్ప వేరే మాట లేదు. అమ్మ ప్రభువు సన్నిధికి వెళ్ళాక ఆయన మాతోనే ఉంటున్నారు. ఆదివారము అందరికంటె వెనుక కూర్చుంటారు. నేను ఆశీర్వచనమునకు చేతులెత్తే సమయానికి బయట ఆయన చెప్పుల చప్పుడు వినబడుతుంది. మందికి సమాధానము గురించి బోధించే నాకు ఆ చప్పుడు ఎలా ఉండేదో దేవునికే తెలుసు.

నిరుడు మా బావమరిది మా అబ్బాయికి అమెరికా నుండి ఒక బొమ్మ డీజిల్ ఇంజను తెచ్చాడు. సూట్‌కేసులో నలిగి దాని పైడొల్ల ముక్కలైపోయింది. అడుగు భాగము మాత్రము చెక్కుచెదరలేదు. నడుమ మోటారు, దాని రెండు కొనలనుండి షాఫ్టులు, వార్ము గేర్లు, రెండు బోగీలకు కలిపి ఆరు ఇరుసులు. పట్టాలలో 12 వోల్టుల డి.సి. కరెంటు ఇస్తే చక్రాల గుండా మోటారుకు అందుతుంది. అబ్బాయి పారేస్తానన్నాడు. ఆగు, దీని మీద తాత ఇంజను కడదాము అన్నాను.

కొలత 1:87. అసలు ఇంజను పొడవు 17.12 మీటర్లు, అంటే బొమ్మ 197 మిల్లీమీటర్లు, జానెడుకు కొంచెము తక్కువ. ఒక మిల్లీమీటరు మందము ప్లాస్టిక్ షీటు, ఫోటోలు చూసి గీసిన గళ్ళ కాగితము, ఇవే నా సరంజామా. ఖర్చు నాలుగు వందలు దాటలేదు (సంఘపు డబ్బు కాదు, ట్యూషన్ డబ్బు). షీటును కత్తిరించడము కట్టరుతో ఒక్కసారిగా కాదు, స్టీలు స్కేలు ఆనించి పదిసార్లు మెల్లగా గీసి విరవాలి. ఇది తెలిసేసరికి రెండు షీట్లు పాడైనాయి.

పొడవాటి హుడ్డు ఒక పక్క అతికించిన రోజు నాన్నగారు మంచినీళ్ళకు వచ్చి బల్ల దగ్గర ఆగారు. చాలాసేపు చూశారు.

"రేడియేటరు క్యాబ్ పక్కన పెట్టినవేందిరా? డ్రైవర్‌ను ఉడకబెడ్తవా?"

నేను జవాబు చెప్పేలోగా కుర్చీ లాక్కొని కూర్చున్నారు. క్యాబ్ ప్రక్కన కంట్రోలు పెట్టెలు, జనరేటరు, తరువాత పెద్ద ఇంజను, దాని అవతల ఎక్స్‌ప్రెసరు, చిట్టచివర రేడియేటరు, దాని పైకప్పులో ఫ్యాను. వేలితో గాలిలో చూపిస్తూ ఒక్కొక్క తలుపు వెనుక ఏముంటుందో చెప్పారు. ఏ తలుపు గొళ్ళెము బిగుసుకుపోయేదో కూడా చెప్పారు. ఆ పక్క గోడను ఊడదీసి మళ్ళీ చేశాను. మూడవసారికి గాని ఆయన తల ఊపలేదు.

బోగీల దగ్గర పేచీ వచ్చింది. అసలు ఇంజనులో మోటార్లకు చోటు కోసము మధ్య ఇరుసు సరిగ్గా నడుమ ఉండదు, ఒక పక్కకు జరిగి ఉంటుంది. కొన్న చట్రములో అది దాదాపు నడుమనే ఉన్నది. పైగా చక్రాల మధ్య వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. మన బ్రాడ్ గేజి 1,676 మిల్లీమీటర్లకు లెక్క కడితే 19 దాటాలి. "ఇది మన పట్టా కాదు" అన్నారు. మార్చబోతే గేర్లే పాడవుతాయని నేను వాదించాను. ఇన్నేళ్ళలో మేము వాదించుకున్నది అదే మొదటిసారి. రాత్రి పదకొండయింది. చివరికి, "సరే, ఉరకనీ. నిలబెట్టుడు కంటె అదే నయం" అన్నారు.

ఆయన లేవబోతూ నా చెయ్యి పట్టుకొని దీపము దగ్గరికి తిప్పారు. గమ్ము అంటి రెండు వ్రేళ్ళు తోలు లేచాయి, గోళ్ళలో నల్లటి గ్రీజు. ఏమీ అనలేదు. లోపలికి పోయి కొబ్బరినూనె సీసా తెచ్చి బల్ల మీద పెట్టారు.

రంగు ఇంకా వేయలేదు. ఆదివారము ఆయన మామూలుగానే ముందుగా లేచిపోతున్నారు. కానీ నేను ఇంటికి వచ్చేసరికి బల్ల మీది తువాలు తీసి ఉంటుంది. క్యాబ్ తలుపుల పక్క పిడికడ్డీలకు సన్నని తీగ కావాలన్నానని, ఇది వ్రాస్తున్న సమయములో ఆయన వరండాలో కూర్చొని కాలిపోయిన ఫ్యాను వైండింగు విప్పుతున్నారు. మా అబ్బాయి రెండవ కొన పట్టుకున్నాడు.