ఉప్పెన ఊళ్లో ఎత్తు మేడ

విజయవాడ నుంచి కరకట్ట పట్టుకుని బయల్దేరితే దారి పొడవునా కృష్ణమ్మ తోడొస్తుంది. మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుణ్ని దర్శించుకుని పులిగడ్డ అక్విడెక్టు దాటారంటే దివిసీమలో అడుగుపెట్టినట్టే. అవనిగడ్డ మీదుగా కోడూరు, నాగాయలంక వైపు వెళ్లేకొద్దీ వరిచేలు, వాటి మధ్య చేపల చెరువులు, గాలిలో ఉప్పు వాసన... సముద్రం దగ్గర పడుతోందని చెప్పకనే చెబుతాయి.

ఈ తీరపు ఊళ్లలో ఓ కట్టడం కొత్తవాళ్ల కంట పడకమానదు. చుట్టూ చిన్నచిన్న ఇళ్లు. మధ్యలో లావుపాటి స్తంభాల మీద నిలబడ్డ కాంక్రీటు భవనం. కింద గోడలుండవు. డబ్బులు చాలక ఆపేశారేమో అనిపిస్తుంది. కానీ ఆ ఖాళీ కావాలని వదిలిందే! ఉప్పెన వస్తే నీళ్లు గోడను గుద్దకుండా స్తంభాల సందుల్లోంచి వెళ్లిపోవాలి, జనం పైన గదుల్లో, డాబా మీద క్షేమంగా ఉండాలి. అదే తుపాను షెల్టరు.

1977 నవంబరు 19న ఇక్కడ అలాంటి చోటు దొరకలేదు. దాదాపు 5 మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్ల మీద పడింది. కోతకొచ్చిన పంటలు, పశువులు, పూరిళ్లు కొట్టుకుపోయాయి. పదివేల మందికి పైగా చనిపోయారు. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్ల పేర్లు చెబితే ఈనాటికీ పెద్దవాళ్లు కాసేపు మాట్లాడరు. తుపాను వస్తోందని రేడియో చెప్పలేదా అంటే, చెప్పింది. కానీ ఏ ఊరు ఎప్పుడు ఖాళీ చేయాలో, చేసి ఎక్కడికెళ్లాలో చెప్పే ఏర్పాటు లేదు. తాటాకు ఇంట్లో ఉన్నవాడికి హెచ్చరిక వినిపించినా ఏం లాభం?

పదమూడేళ్లు గిర్రున తిరిగాయి. 1990 మే 9న అంతటి పెను తుపానే మళ్లీ కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. ఈసారి లక్షల మందిని ముందే తరలించారు. 967 మంది చనిపోయారు. అదీ తక్కువేం కాదు. అయినా పక్కన 1977 లెక్క పెట్టి చూడండి... తేడా తెచ్చింది షెల్టర్లూ, ముందు చూపే.

ఇప్పుడు పని మూడు రోజుల ముందే మొదలవుతుంది. వాతావరణ శాఖ 72 గంటల ముందు కబురు పెడుతుంది, 48 గంటలకు అప్రమత్తం చేస్తుంది, 24 గంటలకు గట్టిగా హెచ్చరిస్తుంది. మచిలీపట్నం రేవులో ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారో అంతా ఆరా తీస్తారు. 10 అంటే మహా ప్రమాదం. 11 అయితే మరీ భయం... వాతావరణ కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని అర్థం! కుంచనపల్లిలోని రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ నుంచి కలెక్టరుకూ, అక్కడి నుంచి తహసీల్దారుకూ, ఊరి సిబ్బందికీ ఆదేశాలు వెళ్తాయి. కొండపావులూరు నుంచి జాతీయ విపత్తు దళం కదులుతుంది. పడవలు ఒడ్డుకు చేరాలి, నెలలు నిండిన గర్భిణుల్ని ఆసుపత్రికి చేర్చాలి, షెల్టర్లకు బియ్యం, తాగునీరు, జనరేటరు చేరాలి. పడిపోయే చెట్ల కోసం రంపాలు కూడా.

కాగితం మీద ఇదంతా బాగానే ఉంటుంది. చిక్కంతా గుమ్మం దగ్గరే! గేదెల్ని ఎవరు చూస్తారు, వలలు, ఇంజన్లు ఏమైపోతాయి, తాళం వేసిన ఇల్లు ఎలా... ఇవీ జనం ప్రశ్నలు. కిందటిసారి వెళ్తే చినుకే పడలేదు కదా అనేవాళ్లూ ఉంటారు. వాళ్లది మొండితనమని కొట్టిపారేయలేం. రెక్కాడితేగానీ డొక్కాడనివాళ్లకు రెండు రోజుల పని పోవడం చిన్న విషయం కాదు. నదీపాయ దాటి రావాల్సిన ఎదురుమొండి లాంటి లంకల్లో అయితే చీకటి పడకముందే అందరినీ ఒప్పించాలి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడూ అధికారులు తీర గ్రామాల్లో ఇంటింటికీ తిరిగి బతిమాలాల్సి వచ్చింది.

షెల్టర్ల సంగతీ చూడాలి. ఉప్పుగాలికి ఇనుప చువ్వలు తుప్పుపట్టి పెచ్చులూడుతాయి. మామూలు రోజుల్లో బడిగానో, ఊరి అవసరాలకో వాడుకునేవి నయం, ఎవరో ఒకరు ఊడుస్తారు, తలుపులు చూస్తారు. తాళం వేసి ఉంచినవే ముందు పాడవుతాయి.

హంసలదీవి వేణుగోపాలస్వామిని, కృష్ణ కడలిలో కలిసే చోటునీ చూడాలనుకుంటే పొద్దున్నే అవనిగడ్డ నుంచి బయల్దేరండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మే నెలలోనూ వాతావరణ కబురు విన్నాకే ప్రయాణం పెట్టుకోండి. కంట్రోల్ రూమ్ నంబరు 1070.