సొంత భాషలో పాట

విద్యార్థులారా, ఐరోపాలో 1956 నుండి యూరోవిజన్ పాటల పోటీ జరుగుతున్నది. ఏ భాషలోనైనా పాడవచ్చునని 1999లో నియమం సడలించగా, అనేక దేశాలు ఇంగ్లీషును ఎన్నుకున్నాయి. అయితే 2017లో పోర్చుగల్ గాయకుడు సాల్వడార్ సోబ్రాల్, తన అక్క లూయిజా రచించిన పాటను మాతృభాషలోనే మృదువుగా పాడాడు. ఆ పోటీలో ఏ దేశమూ తనకు తాను ఓటు వేసుకోరాదు. అంటే, అతనిని గెలిపించినవారిలో అత్యధికులు ఆ భాష తెలియనివారే! 1964 నుండి పోటీపడుతున్న పోర్చుగల్‌కు అదే తొలి విజయం.

మరి, మలాయ్, చీనా మిత్రుల ఎదుట తెలుగు పాట పాడడానికి మీకు సంకోచమెందుకు? ముందుగా అర్థాన్ని గ్రహించండి. ప్రతి పదాన్నీ స్పష్టంగా పలకండి. భాష తెలియని శ్రోతకు మీ కంఠమే అర్థం చెబుతుంది.