పాత మిల్లింగ్ మెషిన్‌కు కొత్త ప్యానెల్

హైదరాబాద్ బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచి ఉంది. దాని చుట్టుపక్కల గల్లీల్లో మెషిన్ షెడ్లు కోకొల్లలు. అలాంటి ఒక షెడ్డుకు నేను వెళ్లేసరికి 1980ల నాటి సీఎన్‌సీ మిల్లింగ్ మెషిన్ వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. కంట్రోలర్ పనికిరాకుండా పోయింది. బెడ్డు, బాల్‌స్క్రూలు, డీసీ సర్వో మోటార్లు మాత్రం భేషుగ్గా ఉన్నాయి. లైనక్స్‌సీఎన్‌సీ నడిపే కంప్యూటర్, 80 వోల్టుల దాకా తట్టుకునే డ్రైవ్‌లు కొత్తగా వచ్చాయి.

ఆ డ్రైవ్‌లకు కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే పేచీ. యజమానికి వేగం కావాలి, 50 వోల్టులది చుట్టించమంటాడు. ఎలక్ట్రీషియన్ 45 దాటనంటాడు. లెక్క అతని వైపే ఉంది. 50 వోల్టుల ఏసీని రెక్టిఫై చేసి కెపాసిటర్‌లో నింపితే 1.414 రెట్లు, అంటే 71 వోల్టుల డీసీ. లైన్ వోల్టేజి 10 శాతం పెరిగితే 78. ఇక మిగిలేది రెండు వోల్టులే. 45 అయితే మామూలుగా 64 దగ్గర ఉంటుంది.

80 వోల్టుల హద్దుకు కింద ఉన్న ఆ ఖాళీ అవసరమయ్యేది మోటార్ ఆగేటప్పుడు. తిరిగే మోటార్‌ను డ్రైవ్ గబుక్కున ఆపితే అది జనరేటర్ అవుతుంది. వెనక్కి వచ్చిన కరెంటును డయోడ్లు మెయిన్స్‌లోకి పోనివ్వవు. అది కెపాసిటర్‌లోనే చేరి వోల్టేజిని ఎగదోస్తుంది. 10,000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ 64 నుంచి 80 వోల్టులకు చేరడానికి 12 జౌళ్లు చాలు. చూసేవాళ్లను బెదరగొట్టేది టేబుల్ బరువే గానీ, 200 కిలోల టేబుల్ నిమిషానికి 10 మీటర్ల వేగంతో పోతున్నా అందులో ఉండేది మూడు జౌళ్ల లోపే. నిమిషానికి 2,000 చుట్లు తిరిగే పెద్ద మోటార్ రోటార్‌లో అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. అందుకే షంట్ రెగ్యులేటర్: వోల్టేజి హద్దు దాటగానే మిగులును రెసిస్టర్‌లోకి మళ్లించి వేడిగా తగలేస్తుంది.

ఎమర్జెన్సీ బటన్‌తో పడిపోయే కాంటాక్టర్‌ను ఏసీ వైపే పెట్టారు. డీసీని తెంపితే కాంటాక్టుల మధ్య ఆర్క్ ఓ పట్టాన ఆరదు. కెపాసిటర్‌కు అడ్డంగా 1,000 ఓముల రెసిస్టర్ ఉన్నా, దాదాపు పూర్తిగా ఖాళీ కావడానికి 50 సెకన్లు పడుతుంది. మీటర్‌తో చూడనిదే ఎలక్ట్రీషియన్ ఎవరినీ ప్యానెల్‌లో చెయ్యి పెట్టనివ్వడు.

వైర్లన్నీ ఒకే డక్ట్‌లో నీటుగా కట్టేస్తే ఫొటోకు బాగుంటుంది, మెషిన్‌కు కాదు. ఎలక్ట్రికల్ నాయిస్ అంటకుండా ఇక్కడ మోటార్ కేబుళ్లది ఒక దారి, డ్రైవ్‌లకు వెళ్లే ప్లస్ మైనస్ 10 వోల్టుల కమాండ్ వైర్లది వేరే దారి. కమాండ్ జతలు మెలివేసినవి. వాటి షీల్డ్‌ను ఒక కొసనే ఎర్త్ చేశారు. డ్రైవ్‌ల ఎర్త్ వైర్లన్నీ ఒకే రాగి పట్టీ మీదికి విడివిడిగా వచ్చాయి.

మొదటి ట్రయల్‌కు ఎక్స్ యాక్సిస్ మోటార్ బెల్టు ఊడదీశారు. డ్రైవ్ ఆన్ చేయగానే మోటార్ ఆగకుండా పరుగందుకుంది. మోటార్ వేగాన్ని డ్రైవ్‌కు చెప్పే టాకో వైర్లు తలకిందులైతే, తగ్గించాల్సిన వేగాన్ని డ్రైవ్ ఇంకా పెంచుతుంది. రెండు వైర్లు మార్చాక మోటార్ నిలబడింది.