కొండపల్లిలో చూడవలసిన సొరంగం

విజయవాడకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో కొండపల్లి ఉన్నది. కొండమీద పాత కోట, కొండ కింద బొమ్మలు చేసేవారి ఇళ్ళు. కోట కోసం వెళ్ళినవారు కూడా బొమ్మల దగ్గరే ఎక్కువసేపు నిలబడిపోతారు. తెల్ల పొణికి కర్ర బెండులాగా తేలిక. దాన్ని ఉలితో చెక్కి, ఆకురాయితో నునుపు చేస్తారు. ఏనుగూ, అంబారీ విడివిడిగా తయారవుతాయి. చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో వాటిని అతికిస్తారు.

పిల్లలూ, ఈసారి ఏనుగును వదిలి, చెక్కేవారి మణికట్టును చూడండి. క్షణంలో లోపలికి వంగుతుంది, మరుక్షణం వెనక్కు విరుచుకుంటుంది. పాత కోటల్లో సొరంగాలు వెతుకుతాం గదా! ఆ మణికట్టులోనే ఒకటి ఉన్నది. మీ చేతిలోనూ ఉన్నది.

అక్కడ 8 చిన్న ఎముకలు దోనెలాగా అమరి ఉంటాయి. దోనెమీద గట్టి పట్టీ ఒకటి పైకప్పులాగా అడ్డంగా ఉంటుంది. ఈ ఇరుకుదారిలోనుంచి, వేళ్ళను ముడిచే తాళ్ళవంటి స్నాయువులు 9, వాటితోపాటు ఒక నరం అరచేతిలోకి పోతాయి. బొటనవేలికీ, చూపుడువేలికీ, నడిమివేలికీ, ఉంగరపువేలిలో సగానికీ స్పర్శ తెలిసేది ఆ నరంవల్లనే. చిటికెనవేలి నరం మాత్రం ఈ రద్దీలో దూరదు, సొరంగం బయటనుంచే పోతుంది!

చేయి తిన్నగా ఉంటే లోపల అన్నింటికీ చోటు సరిపోతుంది. మణికట్టును లోపలికి వంచితే స్నాయువులు పైకప్పువైపు జరిగి నరాన్ని అదుముతాయి. వెనక్కు వంచినా సుఖం లేదు, నరం సాగుతుంది. 1981లో వెలువడిన కొలతలు చూడండి: ఆరోగ్యవంతుల్లో తిన్నని మణికట్టులోని ఒత్తిడి సగటున 2.5 మిల్లీమీటర్ల పాదరసం. లోపలికి వంచితే 31, వెనక్కు వంచితే 30. నరం నలిగే జబ్బున్నవారిలో తిన్నగా ఉంచినా 32! వంచితే 94, వెనక్కు వంచితే 110.

ఒత్తిడి ఎక్కువైతే నరానికి రక్తం సరిగా అందదు, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. నిద్రలో చేయి మడతపడి, అర్ధరాత్రి తిమ్మిరితో మెలకువ వస్తుంది. విదిలిస్తే తగ్గుతుంది గనక పెద్దలు తరచు పట్టించుకోరు. ఏళ్ళ తరబడి నలిగితే బొటనవేలి మొదట ఉన్న కండ చిక్కిపోతుంది, ఉలి పట్టు జారుతుంది. ఉలితో బ్రతికేవారి గతి ఏమిటి? మొదట్లోనే వైద్యుడికి చూపించి, రాత్రిపూట మణికట్టు వంగకుండా బద్దకట్టు కట్టుకుంటే చాలామందికి ఉపశమనం కలుగుతుంది. తగ్గకపోతే శస్త్రవైద్యులు పైకప్పు పట్టీని కోస్తారు. కోసిన అంచులు ఎడమై, సొరంగం వెడల్పవుతుంది.